గోదీ గట్టయ్య నిలబడని రోజు

గోదావరిఖనిలో సముద్రాన్ని చూసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఓడ కిందికి దూరి దాని పొట్టకు పట్టిన నాచు గీకినవాడు మాత్రం నాకు తెలిసి ఒక్కడే. ఆయన పేరు గట్టయ్య. బొంబాయిలో నేవీ వాళ్ల ఓడల కార్ఖానాలో ఇరవై ఒక్క ఏళ్లు తాళ్ల పని చేసి, అరవై రెండులో మా బొగ్గు బాయి మీదికి వచ్చాడు. ఆ కార్ఖానాను అక్కడివాళ్లు గోదీ అంటారట. మా దగ్గర అప్పటికే ఇంకో గట్టయ్య ఉండటంతో ఈయన గోదీ గట్టయ్య అయ్యాడు.

నేను ఆ బాయి టైం ఆఫీసులో గుమాస్తాని, పేరు ఉమామహేశ్వర్. మాది మంథని. మా వంశంలో అందరూ వేదమో పంచాంగమో చెప్పుకొని తెల్లటి ధోవతులతో బతికారు. నేనొక్కడినే హాజరు పుస్తకం పట్టుకొని బొగ్గు పొడిలో పడ్డాను. ఆ కోపం నాకు చాలాకాలం ఉండేది, ఎదురుగా ఎవరుంటే వాళ్ల మీద చూపించేవాణ్ని. ఇప్పుడు కోపానికి కూడా ఓపిక లేదు. గట్టయ్య కథ చెప్పడానికి మాత్రం కొంచెం మిగుల్చుకున్నాను.

ఆయన బొంబాయి వదిలింది భార్య కోసం. సమ్మవ్వకు దమ్ము, అంటే ఉబ్బసం. అక్కడ గోనెసంచులు కుట్టే గోదాములో పదేళ్లు పనిచేసి ఆ రోగం తెచ్చుకుంది. సముద్రపు గాలి ఈమెకు పడదు, మీ ఊరికి తీసుకుపొమ్మని డాక్టరు చెప్పాడు. ఊరంటే కమాన్‌పూర్. అక్కడ ఒక గుడిసె జాగా తప్ప సెంటు భూమి లేదు. సరిగ్గా అప్పుడే గోదావరిఖనిలో బాయిలు తవ్వుతున్నారు, తాళ్ల పని తెలిసినవాళ్లు దొరకడం లేదు. అట్లా నౌకరీ దొరికింది. సముద్రపు గాలి పడనిదాన్ని తెచ్చి బొగ్గు దుమ్ములో పెట్టాడు మహానుభావుడు. పెనం మీది నుంచి పొయ్యిలో పడ్డట్టే అనుకున్నారంతా. కానీ ఇక్కడ కంపెనీ దవాఖాన ఉంది. నౌకరీ ఉన్నన్నాళ్లూ భార్యకు సూదీ మందూ ఉచితం. దమ్ము ముదిరితే మంచం వేసి ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెడతారు. ఆ గొట్టమే ఆమెను పన్నెండేళ్లు బతికించింది. గట్టయ్యకు పిల్లలు లేరు, ఆస్తి లేదు, పంతం లేదు. నౌకరీ ఉంటే సమ్మవ్వకు ఊపిరి ఉంటుంది, అంతే ఆయన లెక్క.

మొదటి షిఫ్టు మూడింటికి విడుస్తారు. దవాఖానలో మందులిచ్చేది అయిదింటికి. ఈ రెండు గంటలూ ఆయన నా కిటికీ ముందున్న బల్ల మీద కూర్చునేవాడు. ఇంటికి పోయి మళ్లీ రావడానికి కాళ్లు సహకరించేవి కావు. నాకూ ఆ వేళప్పుడు పని తక్కువ. అట్లా మా ఇద్దరికీ మాటలు కలిశాయి. ఒకరోజు ఉన్నట్టుండి, మీ మంథనిలో గుళ్లు ఎవరు కట్టారో మీకు తెలుసా అని అడిగాడు. రాజుల పేర్లు రెండు చెప్పాను. "రాళ్లు మోసినోళ్ల పేర్లు అడుగుతున్న పంతులూ" అన్నాడు. నాకు తెలియదన్నాను. "గోదీకి రాళ్లు మోసినోని పేరు నాకు తెల్సు. మా తాత ఎల్లేశం."

ఆ తాతను కరువు తరిమింది. కమాన్‌పూర్ నుంచి కూలి మూకతో కలిసి నడిచి, రైలు దొరికిన చోట రైలెక్కి బొంబాయి చేరాడు. గోదీ అప్పటికే నూటయాభై ఏళ్ల పాతది. పెద్ద పెద్ద ఇనుప ఓడలు రావడం మొదలై, పాత తొట్లు చాలక కొత్తది తవ్వుతున్నారు. తొట్టి అంటే చెరువంత రాతి గుంట. ఓడ లోపలికి వచ్చాక తలుపు మూసేసి నీళ్లన్నీ బయటికి తోడేస్తారు. దుంగల మీద ఓడ ఎండలో నిలబడి ఉంటుంది, కిందికి మనుషులు దిగి పని చేస్తారు. ఎల్లేశం మోసిన రాళ్ల మధ్యనే తరువాత కొడుకు, మనుమడు ఓడల కిందికి దిగారు. ఆ రాళ్లలో తన తాత మోసినవి ఏవో అని గట్టయ్య చిన్నప్పుడు గోడ తడిమి చూసేవాడట. అన్నీ ఒకే తీరుగా ఉండేవట.

ఎల్లేశానికి ముందు కాలంలో అక్కడ టేకు ఓడలు కట్టేవారు. మలబారు అడవుల నుంచి టేకు వచ్చేది. మేస్త్రీలు పార్సీలు, తండ్రి తరువాత కొడుకు, కొడుకు తరువాత మనుమడు. కొత్త ఓడకు అడుగు దూలం పెట్టేనాడు పూజ చేసి దాంట్లో ఒక వెండి మేకు కొట్టేవారట. ఇంగ్లీషు రాజుకు కూడా అక్కడి నుంచే యుద్ధపు ఓడలు పోయాయి. నూరేళ్లయినా టేకు చెడలేదు గానీ కాలం చెడింది. ఇనుము వచ్చింది, ఆవిరి వచ్చింది. కొత్త ఓడలు ఇంగ్లండులో తయారవుతాయి, మీరు మరమ్మతు చూసుకుంటే చాలన్నారు. ఓడలు కట్టిన చేతులు ఓడలకు చిల్లులు పూడ్చే చేతులయ్యాయి. ఈ ముక్క చెప్పేటప్పుడు గట్టయ్య గొంతులో బాధ ఏమీ వినిపించేది కాదు. ఎండకాలం తరువాత వానకాలం వచ్చిందని చెప్పినట్టు చెప్పేవాడు.

తండ్రి బిక్షం రివిట్ల పని. ఒకడు కొలిమిలో రివిట్టును ఎర్రగా కాల్చి పటకారుతో పైకి విసిరేవాడు, ఇంకొకడు దాన్ని డబ్బాలో పట్టి రేకుల బెజ్జంలో దూర్చేవాడు, బిక్షం సుత్తెతో కొట్టేవాడు. రోజుకు కొన్ని వందల రివిట్లు. ముప్ఫై ఏళ్లకే చెవులు పోయాయి. ఇంట్లో భార్యాపిల్లలు ఆయనతో చేతి సైగలతోనే మాట్లాడేవారట. చివరికి రేకులను కరిగించి అతికే వెల్డింగు వచ్చింది. సుత్తెల గుంపును ఒక్కొక్కరినే ఇంటికి పంపేశారు. "చెవులు తీసుకున్నరు, పని తీసుకున్నరు, సుత్తె మాత్రం మా బాపుకే ఇచ్చిన్రు" అని గట్టయ్య నవ్వాడు. ఆ సుత్తెతో బిక్షం బతికినన్నాళ్లూ ఇంట్లో కొబ్బరికాయలు కొట్టాడట.

గట్టయ్య గోదీలో చేరింది నలభై ఒకటిలో, యుద్ధం నడుస్తుండగా. పక్కలు చీలిన ఓడలు లాక్కొచ్చేవారు. లోపల ఏముండేదో అడగకు పంతులూ అనేవాడు, నేను అడగలేదు. నలభై ఆరులో నేవీ కుర్రాళ్లు సమ్మె చేసినప్పుడు గేట్లు మూశారు, బయట తుపాకులు మోగాయి. వీళ్లు తొట్టిలో ఓడ కింద పడుకొని, అరటిపండ్లు తింటూ, ఎవరు గెలుస్తారని పందెం కట్టారు. మరుసటేడు స్వరాజ్యం వచ్చింది. ఓడల మీద పాత జెండా దించి కొత్తది ఎక్కించారు. ఆ రోజు ఎట్లా ఉండేనని ఆశగా అడిగాను. "జెండ మారింది పంతులూ, తాడు గదే" అన్నాడు.

ఇదంతా రాసి ఏదైనా పత్రికకు పంపుదామని నేను ఒక నోటు పుస్తకం కొన్నాను. రెండు వందల ఏళ్ల గోదీ చరిత్ర, ఒక కమాన్‌పూర్ ఇంటి నోట. పదిహేను పేజీలు రాసి ఆపేశాను. ఎన్నిసార్లు రాసినా అది ఎవరి పని ఎప్పుడు పోయిందో చెప్పే పట్టికలాగే తయారయ్యేది. అటువంటివి నేను ఆఫీసులో రాసేవే చాలు.

ఆ గోదీ నుంచి గట్టయ్య మా బాయికి ఒక ఆచారం తెచ్చాడు. అక్కడ ఓడ పక్కలకు రంగు వేయడానికి పైనుంచి పలకను తాళ్లతో వేలాడదీస్తారు. పలకకు తాడు కట్టినవాడే మొదట దాని మీద కూర్చుని కిందికి దిగాలి. ఆ తరువాతే మిగతావాళ్లు. ఏ కాగితంలోనూ ఈ నియమం లేదు, ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. కానీ కట్టినవాడు కూర్చోని పలక మీద ఇంకొకడు కాలు పెట్టడు.

మా బాయి లోపలికి ఏటవాలుగా దారి ఉంటుంది. బొగ్గు టబ్బులు ఆ వాలు మీద పట్టాల పైన పైకీ కిందికీ నడుస్తాయి. వాటిని లాగేది ఉక్కు తాడు. రెండు కొసలూ కలిపి అతికి, ముందూ వెనకా లేకుండా చేసిన చుట్టు తాడు అది. మనుషులు దాని పక్కనే నడిచి దిగుతారు, పైకి వస్తారు, కింద పని చేస్తారు. తాడు తెగిందంటే నిండు టబ్బులు వాలు మీద కిందికి ఉరుకుతాయి. అడ్డం ఉన్నవాడి సంగతి చెప్పనక్కరలేదు. అరిగిన చోట తాడును కోసి మళ్లీ అతకడం గట్టయ్య పని. ఉక్కు తాడుకు ఆరు పాయలు, నడుమ జనపనార. రెండు కొసల పాయలనూ విప్పి, ఒకదాని దారిలో ఇంకొకదాన్ని పేని, ఒక్కో కొసనూ నార తీసేసిన కడుపులోకి దోపుతారు. మొనదేలిన ఇనుప కడ్డీతో పాయలు ఎడం చేసి దోపడం ఒక రోజు పని. బాగా చేస్తే అతుకు ఎక్కడుందో పైకి కనిపించదు. చెడుగా చేసినా కనిపించదు, అదే దాంట్లో ఉన్న చిక్కు. లోపల కొసలు ఎట్లా ఉన్నాయో అతికినవాడి చేతులకే తెలుసు.

అందుకని అతికిన ప్రతిసారీ, మరునాడు మొదటి షిఫ్టులో నిండు టబ్బులను మొదటిసారి లాగేటప్పుడు, గట్టయ్య వాలు నడిమికి దిగి పట్టాల మధ్యన, పైకి పోయే టబ్బులకు దిగువన, తాడు తెగితే తన మీదికే వచ్చేటట్టు నిలబడేవాడు. గోడలో మనిషి దూరేంత గూళ్లు తొలిచి ఉంటాయి, వాటిలోకి పొమ్మన్నా పోడు. టబ్బులు పైకి పోయాక చేయి ఎత్తి వచ్చేవాడు. రూలు ప్రకారం అది తప్పు. మొదట్లో ఓవర్‌మన్ సదయ్య కేకలేశాడు. బాయిలో మనుషులను దింపడం, ఆపడం ఆయన పని. కానీ కూలీలకు ఆ నిలబడటం నచ్చింది. గట్టయ్య నిలబడ్డాడా, అయితే పోదాం అనేవారు. నిలబడనిదే దిగమనేదాకా వచ్చింది. సదయ్య కూడా మెల్లగా ముఖం పక్కకు తిప్పుకోవడం నేర్చుకున్నాడు. పన్నెండేళ్లు ఒక్క అతుకు తప్పలేదు.

డెబ్బై ఒకటిలో ఆయన కళ్లు మసకబారాయి. మొదట పట్టుకున్నది నేను. బాయిలోకి దిగేవాళ్లు నా కిటికీ పక్కన చెక్క మీద మేకులకు తగిలించిన ఇత్తడి బిళ్లలు తీసుకుపోతారు. గట్టయ్య తన బిళ్లను కళ్లతో కాకుండా వేళ్లతో వెతుకుతున్నాడు, మూడో వరస, నాలుగో మేకు. ఒకసారి చెక్కకు రంగు వేసి బిళ్లల వరస మార్చారు. ఆ రోజు ఆయన ఇంకొకడి బిళ్ల తీసుకుపోయాడు. నేను పుస్తకంలో దిద్దేసి ఊరుకున్నాను. తరువాత అడిగితే చెప్పాడు. మంచిర్యాలలో ప్రైవేటు డాక్టరు చూసి నీటికాసులన్నాడట, పోయిన చూపు రాదు, ఉన్నది నిలవదు అన్నాడట. కంపెనీ దవాఖానలో చెబితే అన్‌ఫిట్ అని రాస్తారు. అన్‌ఫిట్ అంటే నౌకరీ లేదు, క్వార్టర్ లేదు, సమ్మవ్వకు గొట్టం లేదు.

ఏటా కళ్ల పరీక్ష ఉండేది. చదువు రానివాళ్ల కోసం గోడకు ఒక అట్ట తగిలిస్తారు, దాని మీద మూడు పళ్ల దువ్వెనలాంటి గుర్తులుంటాయి. పళ్లు పైకి ఉన్నాయా, కిందికా, కుడికా, ఎడమకా అన్నది నోటితో చెప్పాలి. ఏదో పని పెట్టుకొని నేను దవాఖానకు పోయి ఆ వరస రాసుకొచ్చాను. వారం రోజులు గట్టయ్యను బల్ల మీద కూర్చోబెట్టి నేర్పాను. పైకి, కుడికి, కుడికి, కిందికి. మంథనివాళ్లం కదా, చూడకుండా వల్లె వేయించడం మా కులవిద్య. మా తాత వేదం చెప్పిన తీరునే నేను ఈ మంత్రం చెప్పాను. మూడేళ్లు ఆయన అట్లాగే నెగ్గుకొచ్చాడు. మంచిపని చేస్తున్నానని అనుకున్నాను, నిజానికి నా తెలివికి నేనే మురిసిపోయాను.

పనిలో ఆయనకు కళ్లుగా ఉన్నది ముత్యం, ఆయన కింద చేసే మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. తాడు ఎక్కడ అరిగిందో ముత్యం చూసి చెప్పేవాడు, అతికేది మాత్రం గట్టయ్య వేళ్లే. తాడు పనికి కళ్లు ఎందుకు, గోదీలో పొగమంచులో కూడా అతికాం అనేవాడు. మేం ముగ్గురమే ఎరిగిన సంగతి అది. సమ్మవ్వకు కూడా చెప్పలేదు.

డెబ్బై నాలుగు మాఘమాసంలో చలి గట్టిగా పెట్టింది. సమ్మవ్వకు శుక్రవారం దమ్ము ఎత్తింది, దవాఖానలో చేర్చారు. గట్టయ్య రెండు రాత్రులు ఆమె మంచం పక్కన కూర్చున్నాడు. ఆదివారం బాయికి సెలవు, బొగ్గు పని ఉండదు, మరమ్మతులన్నీ ఆ రోజే. తాడు అతకాలని కబురొచ్చింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని అతికాడు. నేను దారిన పోతూ చూశాను, కడ్డీ పట్టుకున్న చేయి మధ్యమధ్యలో ఆగిపోతోంది. అలసట అనుకున్నాను. అంతకన్నా ఏం అనుకోవాలో నాకు తోచలేదు.

సోమవారం పొద్దున్నే, షిఫ్టు సైరన్‌కు ఇంకా అరగంట ఉందనగా, కిటికీ దగ్గరికి వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. ఐదో పాయ సంగతి తనకు యాదికి రావడం లేదన్నాడు. నాకు అర్థం కాక మళ్లీ చెప్పమన్నాను. ఆరు పాయల్లో ఐదోదాని కొసను సరైన చోట లోపలికి దోపాడో, పక్క పాయ మీదుగా తప్పు దోపాడో గుర్తులేదు. ఆ వేళకు ముత్యం తిండికి పోయాడు. కూర్చునే కునుకు పట్టింది, మెలకువ వచ్చేసరికి ఐదోది అయిపోయి ఆరోది చేతిలో ఉంది. ఐదోదాన్ని తను ఎప్పుడు దోపాడో తెలియదు. సుత్తెతో కొట్టి సాపు చేశాక తడిమినా ఏమీ తెలియడం లేదు.

అప్పుడు నేనేం చెప్పానో దాచుకోను. "ఏం కాదు గట్టన్నా. నీ చేతులు ఎన్నడు తప్పినయి? పోయి నిలబడు. సమ్మవ్వ దవాఖానల ఉన్నది, ఆమె గురించి జెర సోంచాయించు" అన్నాను.

ఆయన కిటికీ చువ్వలు పట్టుకొని దగ్గరికి వంగాడు. "నిలబడ్త పంతులూ, తెగితే నేనొక్కన్నే పోత, గది పెద్ద ముచ్చట గాదు. మరి ఇయ్యాల తెగకపోతే? నేను నిలబడ్డనని చూసి రేపు, ఎల్లుండి అందరు దిగుతరు. గప్పుడు తెగితే?"

సమ్మవ్వ పేరే మళ్లీ ఒకసారి ఎత్తాను. ఆయన తలూపి బిళ్ల తీసుకొని పోయాడు.

సైరన్ కూసింది. రెండు వందల మంది బాయి మొగదల దగ్గర దీపాలు తగిలించుకొని నిలబడ్డారు. గట్టయ్య వాలు దారిలో దిగడం నేను కిటికీలోంచి చూశాను. హమ్మయ్య అనుకున్నాను కూడా. ఇరవై అడుగులు దిగి ఆగాడు. వెనక్కి తిరిగి, గోడ పట్టుకొని పైకి వచ్చాడు. తల మీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సదయ్యా, మనుషులను దింపకు. నాకు కండ్లు కానొస్తలేవు. మూడేండ్ల సంది కానొస్తలేవు. ఈ అతుకు మంచిదో చెడ్డదో నాకు తెల్వదు" అన్నాడు.

గొంతు పెంచలేదు గానీ అందరికీ వినిపించింది. తరువాత గుంపులోంచి ఒకడు, మూడేళ్లుగా గుడ్డివాడు అతికిన తాడు మీదనా మేం దిగుతున్నది అన్నాడు. ఇక ఆగలేదు. పెండ్లాం పిల్లలున్నవాళ్లం కాదా మేము అన్నారు, దొంగ అన్నారు, మా పాణాలతో ఆడినవన్నారు. ఒకాయన ముందుకు వచ్చి ఆయన కాళ్ల దగ్గర ఉమ్మేశాడు. పన్నెండేళ్లు ఈయన నిలబడితేనే దిగినవాళ్లు వీళ్లు. నాకు వాళ్ల మీద పట్టరాని కోపం వచ్చింది. కానీ వాళ్లన్నది అబద్ధం కాదు. ఆ అబద్ధం కానిదాంట్లో సగం నా చేతి పని. నేను కిటికీ దాటి బయటికి రాలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆ రోజు షిఫ్టు ఆపేశారు. మేనేజరు ఆఫీసులో విచారణ జరిగింది, రాసుకునే పని నాకే పడింది. కళ్ల పరీక్ష ఎట్లా నెగ్గావు, ఎవరు నేర్పారు అని అడిగారు. వరసలో ముందు నిలబడ్డవాళ్లు చెబుతుంటే విని నేర్చుకున్నానన్నాడు. ముత్యానికి సంగతి తెలుసా అంటే తెలియదన్నాడు. నేను ఆయన చెప్పిందంతా నా చక్కటి దస్తూరితో రాసి, కింద వేలిముద్ర వేయించుకున్నాను. బొటనవేలు సిరా డబ్బా మీద ఎక్కడ పెట్టాలో తెలియక వెతుకుతుంటే, నేనే చేయి పట్టి పెట్టాను.

మంగళవారం నస్పూర్ వైపు బాయి నుంచి ఇంకొక తాళ్ల మనిషిని పిలిపించి అతుకు విప్పించారు. ముత్యం పక్కన ఉండి చూశాడు. ఒకటో పాయ బాగుంది, రెండోది బాగుంది, వరసగా అన్నీ బాగున్నాయి. ఐదో పాయ ఎక్కడ ఉండాలో అక్కడే, ఎంత లోపలికి పోవాలో అంత లోపలే ఉంది. ఇంత మంచి అతుకు నేను ఇప్పటిదాకా చూడలేదు, దీన్ని ఎందుకు విప్పించారు అని ఆ వచ్చినాయన అడిగాడట. సాయంత్రం ముత్యం నా కిటికీ దగ్గరికి వచ్చి ఈ మాట చెప్పి, బల్ల మీద కూర్చుని ముఖానికి తువ్వాల కప్పుకున్నాడు.

మంచి అతుకైనా కాగితం ఆగదు. వారంలో అన్‌ఫిట్ వచ్చింది. పనిలో ఉండి దాచిపెట్టాడు కనుక దయ చూపే వీలు లేదన్నారు. దవాఖాన కార్డు వెనక్కి తీసుకున్నారు, క్వార్టర్‌కు నెల గడువు పెట్టారు. సమ్మవ్వను మంచం మీంచి లేపి ఇంటికి పంపారు.

వాళ్లు సామాను సర్దుతున్న రోజు పోయాను. ఒక ట్రంకు పెట్టె, రెండు బిందెలు, నులకమంచం. సమ్మవ్వ గడప మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ఊపిరి తీసుకుంటోంది. నన్ను చూసి, కూర్చో పంతులూ అని చేత్తో చూపింది. మాట్లాడితే దమ్ము వస్తుంది. అతుకు మంచిగానే ఉందని చెబుదామనే నేను పోయింది. ఆమెను చూశాక చెప్పకూడదనుకున్నాను. ఆ మాట చెబితే, ఈ మనిషి నా ఊపిరిని ఉత్తపుణ్యానికి వదులుకున్నాడా అని ఆమె అనుకోదా? గట్టయ్యకు కూడా తెలియకపోతేనే మేలనుకున్నాను. ట్రంకు పెట్టె బండి మీదికి ఎత్తి, చేతులు దులుపుకొని వచ్చేశాను. ఇన్నాళ్ల స్నేహానికి నేను చేసింది అంత.

కమాన్‌పూర్‌లో ఆక్సిజన్ గొట్టం లేదు. వానలు పడ్డాక సమ్మవ్వ శ్రావణం దాకా ఆగింది, భాద్రపదంలో పోయింది. కబురు నాకు ఆలస్యంగా అందింది. పెద్దకర్మ అయిన తెల్లారి పోయాను. గుడిసె ముందు గట్టయ్య మంచం మీద కూర్చుని, గడ్డితో చిన్న తాడు పేనుతున్నాడు, పక్కింటివాళ్ల మేకకు. నా అడుగుల చప్పుడుకే గుర్తుపట్టి పంతులూ అన్నాడు. చూపు పూర్తిగా పోయింది.

చాలాసేపు ఊరి సంగతులు మాట్లాడుకున్నాం. చివరికి నేను ఉండబట్టలేకపోయాను. ఏడు నెలలుగా కడుపులో పెట్టుకున్న మాట, ఇక సమ్మవ్వ కూడా లేదు, చెప్పకపోతే నాకు నిద్ర పట్టేటట్టు లేదు. గట్టన్నా, ఆనాటి అతుకు సంగతి నీకొకటి చెప్పాలి అని మొదలుపెట్టాను.

"ముత్యం గానాడే వచ్చి చెప్పిండు పంతులూ. ఆరుకు ఆరు మంచిగున్నయట గద" అన్నాడు.

నేను తెల్లబోయాను. బండి ఎక్కేనాటికే ఆయనకు తెలుసన్నమాట. అన్నీ తెలిసే దవాఖాన కార్డు ఇచ్చేశాడు, తెలిసే ఆమెను ఇక్కడికి తెచ్చుకున్నాడు. నిలబడి ఉంటే ఏమీ కాకపోయేది కదా, బాధగా లేదా అని అడిగాను. చేతిలో గడ్డి పాయలను వేళ్లతో సరిచేసుకుంటూ, ఎందుకుండదు, ఉన్నది అన్నాడు. రోజూ ఉన్నదన్నాడు. కానీ ఆ పొద్దు తనకు తెలియదు కదా అన్నాడు.

"మరి సమ్మవ్వకు తెలుసా?" అని అడిగాను.

ఆయన పేనడం ఆపాడు.

"ఒక్కపాలి అడిగింది. తాడు నిజంగనే ఖరాబున్నదా అని. ఉన్నది అన్న. ఐదో పాయ ఊడి చేతుల్లకు వచ్చిందట, ఇంకో రెండు దినాలైతే మనుషులు పోయేటోళ్లు అని చెప్పిన. అయితే మంచి పనే చేసినవ్ అన్నది. మల్ల అడగలె."